జ్వరం రాని సూది

నా ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఊరు నన్ను నెత్తిన పెట్టుకున్న రోజులు సరిగ్గా పన్నెండు. ఆ పన్నెండు రోజులూ నేను తప్పులోనే ఉన్నాను. ఆ సంగతి నాకూ తెలియదు, ఊరికీ తెలియదు. తెలిసిన రోజున ఏం జరిగిందో చెప్తాను. ఈమధ్యే మా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు ఎవరైనా చదివితే మంచిదే. చదివి నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. నేనూ నవ్వుకుంటూనే రాస్తున్నాను.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేశాను. ఊళ్ళలో మమ్మల్ని నర్సమ్మ అంటారు. మాది చీరాల. పుట్టింట్లో మగ్గం చప్పుడు తప్ప పొలం సంగతి ఎరగను. అలాంటిదాన్ని తొంభైల చివర్లో గుంటూరుకి దక్షిణంగా, మిరప, పత్తి తప్ప మరో పైరు కంటికి ఆనని ఒక ఊరికి వేశారు. ఆ ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళు ఫోన్లు చేసి మరీ ఆటపట్టిస్తారు.

వెళ్ళిన మొదటి వారమే ఊరు నాకు పాఠం చెప్పింది. మార్చి నెల. కల్లాల నిండా మిరపకాయ ఎర్రగా పరిచి ఉంది. గర్భిణుల పేర్లు రాసుకుందామని రిజిస్టరు పట్టుకుని ఒక కల్లంలోకి అడుగుపెట్టానో లేదో, తుమ్ములు మొదలయ్యాయి. కళ్ళు కారిపోతున్నాయి, ముక్కు కారిపోతోంది, రిజిస్టరు అడ్డం పెట్టుకుని తుమ్ముతూనే ఉన్నాను. అక్కడ పనిచేస్తున్న ఆడవాళ్ళు చేతులు ఆపేసి ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదిహేడు దగ్గర ఒకావిడ లేచి వచ్చి చెంబుతో నీళ్ళిచ్చింది.

"తుమ్మమ్మా, తుమ్ము. సిగ్గుపడమాక. లోపలికి పోనీకుండా గెంటేస్తంది నీ ముక్కు. మంచి ముక్కే."

శిక్షణలో మాకు ఇదే పాఠం రెండు రోజులు చెప్పారు. చర్మం, ముక్కులో జిగురు, కన్నీళ్ళు, తుమ్ము, దగ్గు, ఇవన్నీ రోగానికి శరీరం వేసే మొదటి అడ్డుకట్టలని. ఆవిడ అదంతా ఒక చెంబుడు నీళ్ళతో ముగించేసింది.

ఆవిడే ఈ కథలో పెద్దమనిషి. అరవై దాటి ఉంటాయి. పన్నెండు మంది ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. వాళ్ళ పని తాలు ఏరడం. ఎండిన కాయల్లో తెల్లబారినవీ, మచ్చపడినవీ ఉంటాయి. వాటినే తాలు అంటారు. అవి మంచి కాయలో కలిస్తే బస్తా మొత్తానికీ చెడ్డపేరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఆ రాశిలోంచి తాలుని ఏరి అవతల పారెయ్యాలి. పెద్దమ్మ నా మొహంలోకి చూస్తూ కబుర్లు చెబుతూనే ఉండేది, ఆమె చెయ్యి మాత్రం తనంతట తాను పోయి తాలుకాయని పట్టుకుని విసిరేసేది. ఎలా తెలుస్తుంది పెద్దమ్మా అంటే, "ఒకసారి చూసిన కాయ చెయ్యి మర్చిపోదు" అనేది.

నా అసలు ఇబ్బంది బుధవారాలు. బుధవారం టీకాల రోజు. పసిపిల్లలకి మూడు జబ్బులకి కలిపి ఒక సూది వేసేవాళ్ళం. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం. ఆ సూది వేస్తే చాలామంది పిల్లలకి ఆ సాయంత్రమో మర్నాడో జ్వరం వస్తుంది. తొడ వాస్తుంది. బిడ్డ ఏడుస్తుంది. తల్లికి మర్నాడు పని పోతుంది. అత్తగారు సణుగుతుంది. దాంతో బుధవారం నేను వస్తున్నానంటే తలుపులకి తాళాలు పడేవి. లోపల పసిపిల్ల ఏడుపు వినిపిస్తుంటే, బయట గొళ్ళెం పెట్టి ఉండేది.

నేను ఊరుకునేదాన్ని కాదు. అరుగు మీద కూర్చుని చెప్పేదాన్ని. ఈ మందులో చచ్చిన సూక్ష్మజీవులూ, విరుగుడు చేసిన విషమూ ఉంటాయి. అవి రోగం తేలేవు. కానీ మన రక్తంలో కాపలా కణాలు ఉంటాయి, తెల్లగా ఉంటాయి. అవి ఈ కొత్తదాన్ని చూసి ఎవర్రా ఇది అని మీద పడతాయి. ఆ హడావిడికే ఒళ్ళు వెచ్చబడుతుంది. తర్వాత వాటిలో కొన్ని ఈ శత్రువు మొహం గుర్తుపెట్టుకుని ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. రేపు అసలు రోగం వస్తే అది వేళ్ళూనుకోకముందే పట్టేసుకుంటాయి. జ్వరం అంటే ఒళ్ళు నేర్చుకుంటోందని అర్థం. ఇలా చెప్పేదాన్ని. అందరూ శ్రద్ధగా విని, "అట్టాగా" అని, వచ్చే బుధవారం మళ్ళీ తాళం వేసుకునేవాళ్ళు.

మూడో ఏడు మార్చిలో మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆఖరి తడులకి మోటార్లన్నీ ఒక్కసారే వేసినట్టున్నారు. కరెంటు వాళ్ళు వారం పడుతుందన్నారు. ఆస్పత్రిలో టీకా మందులు పెట్టే ఫ్రిజ్ రెండో రోజుకి చెమటలు కక్కడం మొదలుపెట్టింది. డాక్టరు గారు గుంటూరులో ఏదో శిక్షణలో ఉన్నారు. మా ఫార్మసిస్టు గారు రూల్సు తప్ప మరో భాష మాట్లాడని మనిషి. "పక్క ఆస్పత్రికి పంపించాలమ్మా. జీపు లేదు. జీపు వచ్చేదాకా ఆగాలి" అన్నారు. జీపు వచ్చేసరికి మందు పాడైపోతుంది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. రోడ్డు మీద మిరపకాయల కోల్డ్ స్టోరేజి ఉంది. కిటికీల్లేని నాలుగంతస్తుల మేడ. రంగు పోకుండా రైతుల బస్తాలు అందులో దాస్తారు. మా ప్రాంతంలో ఆ బస్తాలని టిక్కీలంటారు. సొంత జనరేటరు ఉంది. రాత్రీ పగలూ చల్లగా ఉంటుంది. టీకా మందుకి కావలసింది చల్లదనమే కదా! నా తెలివికి నేనే మురిసిపోయి, మందు పెట్టెని తడిగుడ్డలో చుట్టి, ఆటో ఎక్కి వెళ్ళాను.

అక్కడి గుమాస్తా గారు పెద్దాయన. తెల్ల పంచె, తెల్ల చొక్కా, ఒంటి నిండా మిరపకాయ వాసన. పసిపిల్లల మందు అనగానే కుర్చీలోంచి లేచి రెండు చేతులతో అందుకున్నారు.

"ఏ చోట పెట్టమంటారమ్మా? కింద, పైన ఒక్కలాగా ఉండదు."

దానికి నేను చెప్పిన జవాబే ఈ కథంతా. "ఎంత చల్లగా ఉంటే అంత మంచిది బాబాయ్ గారూ" అన్నాను.

మీకు శిక్షణలో చెప్పే ఉంటారు, అయినా మళ్ళీ చెప్తాను. ఆ మందు వేడి తగిలినా పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది. నాకు మొదటిది మనసులో ఉంది, రెండోది పుస్తకంలో ఉంది. వేడికి భయపడే ఊళ్ళో ఉద్యోగం చేస్తూ చలికి ఎవరు భయపడతారు! ఫ్రిజ్‌లో ఉండే థర్మామీటరు తీసి పెట్టెతో పాటు పంపుదామన్న ఆలోచన కూడా రాలేదు.

మంగళవారం కరెంటు రాలేదు. బుధవారం పొద్దున్నే వెళ్తే పెట్టె సిద్ధంగా ఉంది. కొత్త తువ్వాలులో చుట్టి ఉంది. మీకు ఆలస్యం కాకూడదని నిన్న సాయంత్రమే పైనుంచి ముందుగదిలోకి దింపించానమ్మా అన్నారు గుమాస్తా గారు. ఆ మర్యాదకి నా కళ్ళు చెమర్చాయి.

ఆ రోజు ఇరవై మూడు మంది పిల్లలకి వేశాను. అందులో పెద్దమ్మ మనవరాలు ఒకతి. పెద్దమ్మ కొడుకు మార్టూరులో రాళ్ళ పాలిష్ పనిలో ఉండేవాడు, కోడలు అత్తగారి దగ్గర ఉండి తాలు ఏరేది. ఆ పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. అరచేతిలో పడుకోబెట్టినంత ఉండేది. బిడ్డ మీద సూది పడనివ్వనని తల్లి రెండు బుధవారాలు తాళం వేసుకుంది. పక్క పల్లెలో ఒక పిల్లాడికి కోరింత దగ్గు వచ్చిందని తెలిసి నాకు నిద్రపట్టలేదు. ఆ దగ్గు పెద్దపిల్లల్ని వారాల తరబడి ఏడిపిస్తుంది, అలాంటి పసిగుడ్డుకి ఊపిరే అందనివ్వదు. చివరికి పెద్దమ్మే కోడల్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "నర్సమ్మ మాట మీద ఏపిస్తన్నా. ఆ మాట గుర్తుపెట్టుకో" అంది. కోడలితో కాదు, నాతో.

సీసాలో మందు ఎప్పుడూ తెల్లగా మబ్బుగా ఉంటుంది. ఆ రోజు పైన తేటగా ఉంది, అడుగున తెల్లగా పేరుకుని ఉంది. ఒకసారి ఊపాను. పేరు, ఇంటిపేరు రాసుకుని సూది గుచ్చేసరికి మళ్ళీ తేటపడింది. ఎంత బాగుందో అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తి మీద నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున భయపడుతూ వెళ్ళాను. ఒక్క పిల్లకీ జ్వరం లేదు. ఒక్క తొడా వాయలేదు. పిల్లలు హాయిగా పాలు తాగి నిద్రపోతున్నారు. ఊళ్ళో సంబరం.

"ఏం హస్తవాసి తల్లీ నీది!"

ఇక చూడండి నా వైభవం. ఒక ఇంట్లో మజ్జిగ, ఇంకో ఇంట్లో గోంగూర కట్టలు, మరో ఇంట్లో కూర్చోడానికి ఏకంగా నులకమంచం మీద దుప్పటి. తాళాలు వేసుకున్న ఇళ్ళవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఎదురొచ్చి, మాకెప్పుడు వేస్తావమ్మా అని అడగడం మొదలుపెట్టారు. కొత్త మందు ఇంకా రాక తర్వాతి బుధవారం సూదులు లేవు, వాళ్ళని ఆగమన్నాను. పక్క పల్లెవాళ్ళు తమ నర్సు వద్దు, ఈ నర్సమ్మే కావాలన్నారు. దాంతో ఆ నర్సు నాతో మాట్లాడటం మానేసింది. నేను అద్దం ముందు నిలబడి కుడిచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడటం లేదు. అప్పుడు నిజంగానే నమ్మాను.

పన్నెండో రోజు కల్లంలోకి వెళ్ళాను. ఆ ఏడు కాయకి ఏదో కొత్త తెగులు తగిలింది. తొడిమ దగ్గర చిన్న నల్లమచ్చ, మిగతాదంతా మంచి ఎరుపు. అలాంటి తాలు ముఠాలో ఎవరూ చూసి ఎరగరు. పెద్దమ్మ ఒక కాయని చేతుల మీదుగా అందరికీ తిప్పుతోంది. ఆడవాళ్ళంతా దాని చుట్టూ చేరి ఒకటే గోల. ఇది తాలే కాదని ఒకతె, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి ముక్కు చిట్లించే ఇంకొకతె, పని ఆగిపోయిందని అరిచే రైతు. నేను నవ్వుతూ గట్టు మీద కూర్చున్నాను.

పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నర్సమ్మా, ఒకటి అడుగుతా. కోపం చేసుకోమాక."

"అడుగు పెద్దమ్మా."

"సూది ఏస్తే లోపలోళ్ళకి రోగం మొహం చూపిచ్చినట్టు అన్నావే, దానికే గోల చేస్తారు, అందుకే జొరం వచ్చిద్ది అని?"

"అవును."

ఆమె ముఠా వైపు చెయ్యి చూపించింది. "ఇదిగో, కొత్త తాలు చూపిచ్చా. చూశావుగా గోల. రేపటికి తగ్గిద్ది, ఎల్లుండికి ఆళ్ళ చేతులకే తెలిసిపోయిద్ది. మరి మన పిల్లల్లో ఒక్కళ్ళకీ గోల లేదే? ఇరవై మూడు మందిలో ఒక్కళ్ళకన్నా ఉండొద్దా? చూపిచ్చావా అసలు?"

నేను మూడేళ్ళుగా అరుగుల మీద కూర్చుని చెప్పిన పాఠం ఊళ్ళో ఒకే ఒక్కరు నిజంగా విన్నారు. విన్నావిడ ఇప్పుడు నన్నే పరీక్ష అడుగుతోంది. తేటగా ఉన్న ఆ సీసా కళ్ళ ముందుకి వచ్చింది. ఏదో సర్దిచెప్పి, గబగబా ఆస్పత్రికి నడిచాను. దాదాపు పరుగే.

అప్పటికి కరెంటు వచ్చింది, డాక్టరు గారూ వచ్చారు. కుర్రాయన, అదే మొదటి ఉద్యోగం. నేను చెప్పిందంతా విన్నారు. నన్ను తిట్టలేదు. కోల్డ్ స్టోరేజి నుంచి వెనక్కి తెచ్చిన పెట్టెలో ఒక సీసా మిగిలి ఉంది. దాన్నీ, కొత్తగా వచ్చిన మందులోంచి మరొకదాన్నీ తీసి, రెండింటినీ ఒక్కలాగే గట్టిగా ఊపి, కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టారు.

"అరగంట చూద్దాం సిస్టర్. గడ్డకట్టి కరిగిన మందైతే త్వరగా అడుగుకి దిగిపోతుంది. మంచిదైతే మబ్బుగానే ఉంటుంది."

ఆ అరగంటలో ఆయన చాలా విషయాలు చెప్పారు, బహుశా నా భయం తగ్గించడానికి. జ్వరం రాకపోతే మందు పనిచేయలేదని అనుకోకూడదట. జ్వరం రాని పిల్లల్లో కూడా కాపలా కణాలు చప్పుడు చేయకుండా నేర్చుకుంటాయట, కొన్ని శత్రువుని మింగేస్తాయట, కొన్ని దాన్ని పట్టుకునే యాంటీబాడీలు తయారుచేస్తాయట, కొన్ని జ్ఞాపకం పెట్టుకుని కూర్చుంటాయట. ఆ తెల్లటి పొడి ఉందే, అది మందుని ఒకచోట పట్టి ఉంచి, ఇటు చూడండి అని ఆ కణాలని పిలిచే సరుకట. గడ్డకడితే అది ముద్దకట్టి, పిలిచే శక్తి పోగొట్టుకుంటుందట. "మీ పెద్దమ్మ చెప్పిన లెక్క ఎప్పుడూ పనిచేయదు. కానీ ఇరవై మూడు మందిలో ఒక్కరికీ ఏమీ లేదంటే అడగాల్సిన ప్రశ్నే" అన్నారు.

నేను సగం విన్నాను. కళ్ళు సీసాల మీదే ఉన్నాయి. పది నిమిషాలకే ఎడమ సీసాలో పైన తేట కనిపించింది. ఇరవై నిమిషాలకి తెల్లపొడి అంతా అడుగున కూర్చుంది. కుడి సీసా మబ్బుగా అలాగే ఉంది. ఆ తేటనే నేను సూదిలోకి లాగి పిల్లలకి పొడిచాను. నేను ఏడ్చాను. అంత ఏడుపు మా నాన్న పోయినప్పుడే ఏడ్చాను.

ఫార్మసిస్టు గారు మంచినీళ్ళు తెచ్చిచ్చి, మెల్లగా ఒక దారి చెప్పారు. "వచ్చే నెల రెండో డోసు ఉండనే ఉంది కదమ్మా. దాన్నే మొదటిది అనుకుంటే సరి. ఊళ్ళో చెప్పారంటే ఒక్కళ్ళూ మళ్ళీ పిల్లని చూపించరు." ఆ మాట తప్పని నాకు తెలుసు. అయినా తియ్యగా వినిపించింది. మజ్జిగ, గోంగూర, నులకమంచం మీద దుప్పటి, అన్నీ ఉంచుకోవచ్చు. కానీ పక్క పల్లెలో దగ్గు ఉంది. నెలరోజులపాటు, మా బిడ్డకి సూది పడింది, ఇక భయం లేదని ఆ తల్లులు అనుకుంటూ ఉంటారు. అరచేతిలో పట్టే ఆ పిల్ల గుర్తొచ్చింది. ఆమె నాయనమ్మ అన్న మాట కూడా గుర్తొచ్చింది.

డాక్టరు గారు జిల్లాకి రాయాల్సింది రాశారు. మళ్ళీ వెయ్యమని పైవాళ్ళు చెప్పారు. "ఊరికి మాత్రం మీరే చెప్పాలి సిస్టర్. మీ మాట మీద వేయించుకున్నారు" అన్నారు డాక్టరు గారు.

కోల్డ్ స్టోరేజికి వెళ్ళి గుమాస్తా గారిని అడిగాను, మందు ఎక్కడ పెట్టారని. ఆయన మొహం వెలిగిపోయింది.

"నాలుగో అంతస్తులోనమ్మా! గొట్టాలు పోయే చోటు, మంచు పేరుకునే చోటు. రైతుల టిక్కీలకి కూడా అక్కడ చోటియ్యను. పసిపిల్లల మందు కదా అని ఇచ్చా."

నేను సంగతి చెప్పేసరికి ఆ పెద్దాయన అలాగే కుర్చీలో కూలబడ్డారు. మీ తప్పు కాదు, చల్లగా ఉంటే మంచిదని నేనే అన్నానని ఎంత చెప్పినా వినలేదు. "నేనూ వస్తానమ్మా. నాలుగో అంతస్తు అని నా నోటితోనే చెప్తా" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ముఠా అన్నాలకి లేచే వేళకి కల్లం దగ్గరికి తల్లులందరినీ పిలిపించాను. పిల్లల్ని చంకన వేసుకుని నవ్వుతూ వచ్చారు. ఒకావిడ నాకోసం అరటిపండ్లు కూడా తెచ్చింది. ఆ పండ్లు అందుకోకుండా గట్టు మీద పెట్టించాను. అప్పుడు చెప్పాను. మందు గడ్డకట్టి చెడిపోయిందని, చెడిపోయిన మందే పిల్లలకి వేశానని, అందుకే ఈ సూది లెక్కలోకి రాదని, మళ్ళీ వేయించుకోవాలని.

ముందుగా పెద్దమ్మ కోడలు లేచింది.

"అంటే నా బిడ్డకి ఉత్త నీళ్ళు పొడిచావా? అంత పసిగుడ్డుకి?"

"అవునమ్మా. నాదే తప్పు" అన్నాను.

"కాదమ్మా, తప్పు నాది!" అంటూ గుమాస్తా గారు ముందుకొచ్చారు. "మంచు గొట్టం పక్కన పెట్టింది నేను."

"పెట్టమన్నది నేను."

"మీరు గొట్టం పక్కన అనలేదు."

"అననే అన్నాను, ఎంత చల్లగా ఉంటే అంత..."

"ఆగండెహే!" పెద్దమ్మ అన్నం చెయ్యి దులుపుకుని లేచింది. "తప్పెవరిదో మీరిద్దరూ తర్వాత పంచుకోండి. ఇప్పుడు తెచ్చిన మందు మంచిదని మాకెట్టా తెలిసిద్ది? అది చెప్పు ముందు."

దానికి సిద్ధపడే వచ్చాను. సంచిలోంచి రెండు సీసాలు తీశాను, పాతది ఒకటి, కొత్తది ఒకటి. డాక్టరు గారు చేసినట్టే ఊపి, గట్టు మీద నీడలో పెట్టాను. కొంచెంసేపు చూడండి, ఏది ఏమవుతుందో నేను చెప్పను, మీరే చెప్పండి అన్నాను. మీరే చెప్పండన్నది మాత్రం ఆ క్షణంలో తోచిన మాట.

పన్నెండు మంది తాలు ఏరే ఆడవాళ్ళూ, ఇరవై ముగ్గురు తల్లులూ గట్టు చుట్టూ గొంతుక్కూర్చున్నారు. జీవితమంతా మంచి కాయ పక్కన చెడ్డ కాయని పోల్చుకునే పని చేసిన కళ్ళు అవి. వాళ్ళకి అరగంట అవసరం లేకపోయింది. పది నిమిషాలు తిరక్కుండానే ఒకామె "అదిగో, దిగతంది" అంది. ఇంకొకామె సీసా ఎత్తి ఎండకి అడ్డం పెట్టి చూసింది. సీసాలు చేతులు మారాయి. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. చివరికి రెండూ పెద్దమ్మ చేతికొచ్చాయి. అడుగున పిండి పేరుకున్నదాన్ని పైకెత్తి చూపించింది.

"ఇది తాలు" అని నా చేతిలో పెట్టింది. రెండోదాన్ని కోడలికి చూపించి, "ఇది కాయ. ఇట్టా ఇయ్యి బిడ్డని" అంది.

కోడలు నన్ను ఇంకా కోపంగానే చూస్తోంది. కానీ అందరికంటే ముందు వచ్చి తన బిడ్డ తొడ మీద గుడ్డ తొలగించింది. "గట్టిగా ఊపు. నేను చూస్తండగా ఊపు" అంది. ఊపాను. ఆమె చాలు అనేదాకా ఊపాను. ఆ రోజు కల్లంలోనే ఇరవై ముగ్గురికీ వేశాను. గుమాస్తా గారు ఒక్కొక్క తల్లికీ నాలుగో అంతస్తు సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పారు.

మర్నాడు పొద్దున్నే ఊళ్ళోకి అడుగుపెట్టాను. వీధి మొదట్లోనే పసిపిల్లల ఏడుపులు. ఒక ఇంట్లోంచి, ఎదురింట్లోంచి, వెనకింట్లోంచి. పెద్దమ్మ కల్లానికి పోకుండా వాకిట్లో నిలబడి ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తి వీధంతా వినిపించేలా కేకేసింది.

"వచ్చిందమ్మో! నా మనవరాలికి ఒళ్ళు కాలిపోతంది! లోపల గోల మొదలైంది!"

ఇరుగుపొరుగు పగలబడి నవ్వారు. జ్వరం వచ్చిందని పండగ చేసుకున్న ఊరు అదొక్కటే నేను చూసింది. నేను మాత్రం లోపలికి పోయి ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను, కొలత ప్రకారం మందు చుక్కలు వేశాను, సాయంత్రం మళ్ళీ వచ్చి చూశాను. మర్నాటికి తగ్గిపోయింది. ముగ్గురో నలుగురో పిల్లలకి ఈసారి కూడా ఏమీ రాలేదు. వాళ్ళ తల్లులకి, డాక్టరు గారు చెప్పిన చప్పుడు చేయకుండా నేర్చుకునే కణాల సంగతి చెప్పుకోవాల్సి వచ్చింది. నమ్మారో లేదో గానీ ఊరుకున్నారు.

మిగిలిన రెండు డోసులకీ ఒక్క తలుపుకీ తాళం పడలేదు. వానల్లో కోరింత దగ్గు మా ఊళ్ళోకి వచ్చింది. సూదులు పడని పెద్దపిల్లలు కొందరు నెలల తరబడి దగ్గారు. ఆ ఇరవై ముగ్గురిలో ఒక్కరూ దగ్గలేదు. పెద్దమ్మ మనవరాలు అప్పటికి బోర్లాపడి, ఎవరు ఎత్తుకుంటే వాళ్ళ జుట్టు పీకుతోంది. ఆ పిల్ల జుట్టు పీకినప్పుడల్లా నాకు సంతోషంగా ఉండేది.

నాకు జిల్లా నుంచి మెమో వచ్చింది. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. హస్తవాసి బిరుదు మాత్రం మళ్ళీ రాలేదు. మజ్జిగ ఇచ్చేవాళ్ళు, గోంగూరా ఇచ్చేవాళ్ళు, కానీ హస్తవాసి అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఎందుకంటే ఆ ఊళ్ళో ఇక చెయ్యిని ఎవరూ నమ్మలేదు, సీసాని చూసేవాళ్ళు. ప్రతి బుధవారం సూది తియ్యకముందు పెద్దమ్మకి సీసా చూపించాలి. ఆమె ఊపి, ఎండకి పెట్టి, ఒక కన్ను మూసి చూసి, "కానియ్యి" అంటేనే పని మొదలు. ఈ తనిఖీ ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. మా ఫార్మసిస్టు గారు కూడా దానికి అడ్డుచెప్పలేదు.

నాలుగేళ్ళ తర్వాత నాకు బదిలీ అయింది. నా చోటికి వచ్చిన అమ్మాయి కొత్తగా శిక్షణ పూర్తిచేసుకుని వచ్చింది, ఇస్త్రీ మడత నలగని చీర. ఆఖరి బుధవారం ఇద్దరం కలిసి వెళ్ళాం. కల్లంలోకి అడుగుపెడుతూనే ఆ అమ్మాయి తుమ్మడం మొదలుపెట్టింది. ముఠా లెక్కపెట్టింది. తుమ్ములు ఆగాక కళ్ళు తుడుచుకుని, పెట్టె తెరిచి, సీసా చేతిలోకి తీసుకుంది. పెద్దమ్మ మనవరాలిని వెంటేసుకుని వచ్చి, ఆ అమ్మాయి ముందు చెయ్యి చాపి నిలబడింది.

"ఇట్టా ఇయ్యమ్మా, చూస్తా."

ఆ అమ్మాయి సీసాని గుండెలకి హత్తుకుని, ఈవిడెవరండీ అన్నట్టు నా వైపు చూసింది.

"ఇవ్వు తల్లీ. మా పై అధికారి" అన్నాను.